అశ్వగంధ పాలు తాగాక గాఢనిద్ర పెరిగిందా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 56. పొద్దున థైరాయిడ్‌కి థైరాక్సిన్, రాత్రి నిద్రకి అల్‌ప్రజోలామ్ 0.25 మి.గ్రా. వేసుకుంటాను. నెల రోజులుగా పడుకునే ముందు పాలలో చెంచాడు అశ్వగంధ వేరు పొడి కలుపుకుంటున్నాను. గాఢనిద్ర 40 నిమిషాల నుంచి 70కి పెరిగినట్టు చేతి వాచీ చూపిస్తోంది. పొద్దున లేస్తే మాత్రం తల దిమ్ముగా ఉంటోంది. పొడి పనిచేస్తున్నట్టేనా? ఇక నిద్రమాత్ర మానేయనా?

జవాబు: మాత్రను మీకు మీరుగా ఒక్కసారిగా ఆపకండి. నిద్ర మునుపటికంటే చెడుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. రాసిన డాక్టరు చేతనే కొద్దికొద్దిగా తగ్గించుకోండి. ఈ రాత్రి నుంచి ఆపాల్సింది పొడిని.

వాచీకి మెదడు కనిపించదు. నాడి వేగం, చేతి కదలిక చూసి అంచనా వేస్తుంది. మత్తుతో కదలకుండా పడి ఉన్నా గాఢనిద్రగా లెక్కేయవచ్చు. అసలు గాఢనిద్ర తెలిసేది నెత్తిమీద ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు విద్యుత్ అలల్ని గీసే ఈఈజీ పరీక్షలో. ప్రతి 30 సెకన్ల ముక్కలో కనీసం ఐదో వంతు పెద్ద, నెమ్మది అలలు ఉండాలి. సెకనుకి రెండుకు మించకూడదు. అల్‌ప్రజోలామ్ లాంటి మాత్రలు నిద్ర పట్టిస్తాయి గానీ సరిగ్గా ఈ అలల్నే తగ్గిస్తాయి.

అశ్వగంధ మీద మనుషుల్లో జరిగిన పరీక్షల్లో ఎక్కువగా వాడింది వేరు సారం, 300 మి.గ్రా. చొప్పున రోజుకి రెండుసార్లు, 8 నుంచి 10 వారాలు. నిద్ర కొంత త్వరగా పట్టిందన్నది నిజమే. మీ చెంచాడు పొడి సుమారు 3 గ్రాములు. సారానికీ దానికీ మోతాదు పోల్చలేం. 2017లో జపాన్ పరిశోధకులు ఎలుకల మెదడు అలలు చూసి నిద్ర పెరిగిందని చెప్పింది ఆకులో ఉండే ట్రైఎథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం వల్ల. మీరు తాగుతున్నది వేరు పొడి.

మీ తలదిమ్ముకి ఎక్కువగా అనుమానించాల్సింది మాత్ర, పొడి రెండింటి మత్తూ కలవడాన్నే. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలి పడే ప్రమాదం ఉంది, లైటు వేసుకునే లేవండి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లనూ పెంచగలదు. థైరాక్సిన్‌తో కలిస్తే గుండె దడ, చేతుల వణుకు వస్తాయి, ఆ దడతోనే నిద్ర చెడుతుంది. పొడి ఆపిన ఆరు వారాలకి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒంటి దురద వచ్చినా ఆగకుండా కాలేయ పరీక్షకి వెళ్లండి.

పొడి బదులు జాజికాయ అరగదీసి పాలలో కలపమని ఎవరైనా చెబితే, అదీ వద్దు. ఒక కాయంత, అంటే 5 గ్రాములు లోపలికి పోతే భ్రాంతులు, దడ వస్తాయి.

సాయంత్రం 6కి టీ తాగితే అందులో కెఫీన్ దాదాపు సగం రాత్రి 11కి కూడా ఒంట్లోనే ఉంటుంది. టీని మధ్యాహ్నం 2లోపు ముగించండి. గురక ఎక్కువుంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి. మత్తు మందులు ఆ గురకను ఇంకా ముదరబెడతాయి.