డాక్టర్ సలహా: అమ్మ చాటుగా వాడుతున్న పొడి మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. డాక్టరు రాసిన మెథోట్రెక్సేట్ వారానికోసారి వేసుకుంటుంది. మూడు నెలల క్రితం పక్కింటావిడతో వెళ్లి, పక్క ఊళ్లో ఒకాయన ఇచ్చే పొడి పొట్లాలు తెచ్చుకుంది. నాలుగు రోజుల్లోనే నొప్పులు తగ్గాయని మేడ మెట్లు కూడా ఎక్కుతోంది. పొద్దున్నే తిప్పతీగ కషాయం తాగుతోంది. ఈమధ్య ముఖం గుండ్రంగా ఉబ్బినట్టుంది. తనేమో ఒళ్లు చేశానని సంబరపడుతోంది. 'డాక్టరుగారికి చెప్పకు, తిడతారు' అంటోంది. నేను టీచర్‌ని. చదువుకున్న మా ఇంట్లో ఈ నాటు మందులేమిటని సిగ్గుగా ఉంది. ఆ పొడి ఇవాళే మానిపించనా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: పొడిని ఒక్కసారిగా మానిపించకండమ్మా. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రేపు వీలైతే రేపే.

ఎందుకంటే రుమటాయిడ్ నొప్పి నాలుగు రోజుల్లో పోయే రకం కాదు. మెథోట్రెక్సేట్ గుణం కనిపించడానికే సుమారు ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పేరూ లేబులూ లేని పొడి అంత త్వరగా లేపి నడిపించిందంటే, అందులో స్టెరాయిడ్ కలిపారేమోనన్నది నా మొదటి అనుమానం. ముఖం గుండ్రంగా మారడంతో ఆ అనుమానం ఇంకా పెరిగింది. స్టెరాయిడ్ వారాల తరబడి బయటి నుంచి అందుతుంటే, మన ఒంట్లో దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథి పని తగ్గించేస్తుంది. అప్పుడు పొడి హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోవడం, వాంతులు, లేవలేనంత నీరసం రావచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. కాబట్టి డాక్టరు పర్యవేక్షణలో, లెక్క ప్రకారం, మెల్లగా తగ్గించాలి. ఈలోగా అలాంటి లక్షణాలు కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లి, స్టెరాయిడ్ వాడిందన్న అనుమానం ఉందని ముందే చెప్పండి.

తిప్పతీగ సంగతి వేరు. దాన్ని ఈరోజే ఆపేయండి. కరోనా రోజుల్లో చాలామంది దాన్ని రోజూ తాగారు. అలా తాగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021 నుంచి మన దేశపు కాలేయ వైద్యులు వైద్య పత్రికల్లో రాస్తూ వచ్చారు. ఆయుష్ శాఖ దానితో ఏకీభవించలేదు. నేను మాత్రం మెథోట్రెక్సేట్ వాడే మనిషికి తిప్పతీగ వద్దనే చెబుతాను. ఆ మాత్రకే కాలేయాన్ని ఎప్పటికప్పుడు రక్తపరీక్షతో చూసుకోవాలి. దాని మీద ఇంకో భారం ఎందుకు?

ఇక సిగ్గు గురించి. దయచేసి అది వదిలేయండి. అమెరికాలో 1,035 మందిని అడిగి చేసిన ఒక సర్వే 1998లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ప్రత్యామ్నాయ వైద్యం వైపు ఎక్కువగా వెళ్లింది చదువు ఎక్కువ ఉన్నవాళ్లు, ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉన్నవాళ్లు, ఎడతెగని నొప్పులున్నవాళ్లు. మామూలు వైద్యం మీద కోపంతో వెళ్లారన్నది ఆ లెక్కల్లో నిలబడలేదు. ప్రధానంగా ప్రత్యామ్నాయ వైద్యం మీదే ఆధారపడినవాళ్లు వందలో ఐదుగురు కూడా లేరు. అది వాడిన మిగతావాళ్లు మీ అమ్మగారిలాగే రెండూ వాడుకున్నారు. మన దగ్గరా అంతే. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు కోసం వరస కట్టేవాళ్లు, ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లు, 2021లో కరోనా మందు కోసం కృష్ణపట్నం దారి పట్టినవాళ్లు అందరూ చదువురానివాళ్లు కాదు.

మరి ఎందుకు వెళ్తారు? నా ఓపీకి వచ్చే ఆడవాళ్లు చెప్పేది వింటే నాకు అర్థమైంది ఇది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి జడ అల్లుకోలేరు, గిన్నె పట్టుకోలేరు. మేమేమో 'ఇది జీవితాంతం వాడాలి' అంటాం, రిపోర్టు చూసి ఐదు నిమిషాల్లో పంపేస్తాం. మాత్ర వేసుకున్న రోజు కడుపులో వికారం. పొడి ఇచ్చే మనిషి ఏం తింటున్నావు, నిద్ర పడుతోందా అని అడుగుతాడు, పథ్యం చెబుతాడు, తగ్గుతుందని మాటిస్తాడు. నొప్పితో ఉన్న మనిషికి ఆ మాట ఎంత ఊరటో మా డాక్టర్లం తెలుసుకోవాలి. తిడతారన్న భయం మీ అమ్మగారికి ఉందంటే ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

నన్ను భయపెట్టేది ఆ చాటు. 1990లో అమెరికాలో చేసిన మరో సర్వేలో, ఇలాంటి వైద్యం వాడినవాళ్లలో పదిమందికి ఏడుగురు తమ డాక్టరుకు చెప్పలేదు. డాక్టరుకు తెలియకపోతే, స్టెరాయిడ్ వల్ల పెరిగిన షుగరుకు ఇంకో మందు రాస్తాడు, అసలు కారణం అలాగే ఉండిపోతుంది. స్టెరాయిడ్ లోపలి ఇన్‌ఫెక్షన్‌ను పైకి కనపడనివ్వదు, ఎముకల్ని గుల్లచేస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మిగిలిన పొట్లాలు, ఖాళీ కాగితాలు సహా పట్టుకెళ్లండి. బీపీ, షుగరు, రక్తకణాలు, కాలేయం, కిడ్నీల పరీక్షలతో పాటు ఉదయం పూట కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్), రక్తంలో సీసం కూడా చూడమని అడగండి. సీసం ఎందుకంటే, బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికిందని 2004లో బయటపడింది. అవి ప్యాకెట్ల మీద పేరున్న సరుకులు. మీ దగ్గరున్నది కాగితం పొట్లం.

అమ్మకు ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే బీఏఎంఎస్ చదివిన వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మందు పేరు కాగితం మీద రాయించుకోండి, అది మీ రుమటాలజిస్టుకు (కీళ్లవాతం చూసే డాక్టరుకు) చూపించాకే మొదలుపెట్టండి. వేడి కాపడం, తేలికపాటి యోగా మానక్కర్లేదు. మెథోట్రెక్సేట్‌తో వికారం ఉంటే అదీ చెప్పించండి. ఫోలిక్ యాసిడ్ ఇవ్వడం, మాత్రకు బదులు ఇంజెక్షన్ ఇవ్వడం లాంటి మార్గాలున్నాయి.

డాక్టరు గదిలోకి మీరు కూడా వెళ్లండి. పొడి సంగతి ముందు మీరే చెప్పండి, ఆమె చెయ్యి పట్టుకుని.