పురుగుల ఫొటోలు తీస్తే బతుకుదెరువు దొరుకుతుందా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న: "మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ రెండో సంవత్సరం. బొమ్మలు బాగా వేస్తుంది. ఏడాదిగా బ్రష్ పక్కన పడేసి, తెల్లారకముందే లేచి తోటలో పురుగుల ఫొటోలు తీస్తోంది. ఇప్పుడు కోర్సు మానేసి ఇదే చేస్తానంటోంది, చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే ఖరీదైన మాక్రో లెన్స్ కూడా కావాలట. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?"

చూడండమ్మా, కోర్సు మాత్రం మాననివ్వకండి. ఫొటోలు మానమనీ అనకండి. ఈ రెంటికీ పోటీ పెట్టడమే మీ ఇంట్లో జరుగుతున్న పొరపాటు.

లెన్స్‌కి ఇప్పుడే తొందర లేదు. ఉన్న లెన్స్‌కీ కెమెరాకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అనే బోలు గొట్టం తగిలించినా, రివర్స్ రింగ్‌తో లెన్స్‌ని తిరగేసి బిగించినా నేర్చుకోవడానికి సరిపోతుంది. అసలు కష్టం వేరే ఉంది. అంత దగ్గరికి వెళ్లాక ఫోకస్‌లో నిలిచే లోతు మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో. కన్ను స్పష్టంగా వస్తే మీసాలు మసకబారతాయి, అందుకే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ బోలెడు ఫ్రేములు తీసి, అన్నిటినీ ఒకే ఫొటోగా కలుపుతారు. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. లెవాన్ బిస్ అనే ఫొటోగ్రాఫర్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియం నమూనాలను తీసినప్పుడు ఒక్కో పురుగుకి 8,000కు పైగా ఫ్రేములు పట్టాయి. అవి కదలని నమూనాలు కాబట్టి కుదిరింది, తోటలో ఎగిరేవాటితో అంత పని జరగదు.

ఇక డబ్బు. పువ్వు మీద వాలిన తేనెటీగ ఫొటోలు ఫొటోలు అమ్మే స్టాక్ సైట్లలో కుప్పలుగా పడి ఉన్నాయి, అందంగా ఉన్నంత మాత్రాన ఎవరూ కొనరు. పాఠ్యపుస్తకాలు వేసేవాళ్లు, మ్యూజియంలు, రైతులకు సమాచారం ఇచ్చే సంస్థలు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లు డబ్బిస్తారు గానీ, వాళ్లకి ఫొటోతో పాటు అది ఏ పురుగు, ఏ దశలో ఉంది, ఏం తింటోంది అనేది కూడా కావాలి. మీరు నాకు పంపిన ఫొటోల్లో ఒకదాని కింద అమ్మాయి 'తేనెటీగ' అని రాసింది. కాస్త దగ్గరగా చూడమనండి: రెక్కలు రెండే, తేనెటీగకైతే నాలుగు. మీసాలు పొట్టి, తలలో సగానికి పైగా కళ్లే. అది తేనెటీగలా కనిపించే సిర్ఫిడ్ ఈగ. చాలా సిర్ఫిడ్ ఈగల పిల్లపురుగులు పేనుబంకను తినేస్తాయి, ఇదీ అలాంటిదైతే రైతుకి పనికొచ్చే ఫొటో అవుతుంది. ఫొటో మాత్రం చాలా బాగుంది, లైటు ఎంత మెత్తగా పడిందో! కానీ ఆ పేరుతో పంపితే తెలిసినవాళ్లు రెండోది తెరిచి చూడరు.

అందుకే కోర్సు మానొద్దంటున్నా. మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లి, గొంగళిపురుగు నుంచి సీతాకోకచిలుక దాకా ఒక్కో దశనీ అది తినే మొక్కతో కలిపి గీసి, 1705లో అచ్చు వేయించింది. ఆమె చేతిలో ఉన్నది బొమ్మల విద్యే. మీ అమ్మాయికీ ఆ చేయి ఉంది: ఫొటోలో మరుగున పడిన భాగాన్ని గీసి చూపించగలదు, సైన్స్ పుస్తకాలకు బొమ్మలు గీసే పని, అంటే సైన్స్ ఇలస్ట్రేషన్ అనే దారి కూడా తెరిచే ఉంటుంది. కెమెరా ఒక్కటే పట్టుకున్నవాళ్లకి ఆ వీలు లేదు.

ఈ ఏడాది ఒకే మొక్కను ఎంచుకుని, దాని మీదికి వచ్చే పురుగులన్నిటినీ గుడ్ల దగ్గర్నుంచి తీయమనండి. జీవుల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే పేరు సరిచేసేవాళ్లు దొరుకుతారు. దాన్నే చివరి సంవత్సరం ప్రాజెక్టుగా చేస్తానని లెక్చరర్లను అడగమనండి, కీటకశాస్త్రం చిన్న కోర్సు ఏదైనా దొరికితే పక్కన చేయమనండి. డబ్బిచ్చే పని మొదటిది వచ్చాక లెన్స్ కొనండి, అప్పటికి ఏ లెన్స్ కావాలో తనకే తెలుస్తుంది.

తెల్లారకముందు లేవడం గురించి తిట్టకండి. చల్లటి వేళ పురుగులు చురుగ్గా కదల్లేవు, తీయడానికి అదే మంచి సమయం. కదలకుండా ఉండాలని కొందరు పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి తీస్తారు. ఆ పని మాత్రం చేయనివ్వొద్దు, బయటపడితే పేరు పోతుంది. ఫ్రిజ్‌లో కొత్త డబ్బా ఏదైనా కనిపిస్తే ఒకసారి మూత తీసి చూడండి.