గొంతుకు గీసే బొమ్మ

ప్రశ్న: సుమారు ముప్పై అయిదేళ్ల క్రితం మా నాన్నగారు పేరున్న ఒక హరికథా భాగవతారును ఇంటికి పిలిచి, ఆయనతో నలభై నిమిషాలు మాట్లాడి క్యాసెట్టులో రికార్డు చేశారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. యానిమేషన్ నేర్చుకున్న మా అబ్బాయి ఆ మాటలకు బొమ్మలు గీసి అయిదు నిమిషాల చిత్రం చేస్తానంటున్నాడు. అంతటి విద్వాంసుణ్ణి కార్టూనుగా చూపితే చులకన చేసినట్టేనని మా పెద్దవాళ్లు అంటున్నారు. టేపులో మధ్యమధ్య హార్బరు నుంచి ఓడ కూత కూడా వినిపిస్తుంది. దాన్ని తీసెయ్యాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ పెద్దవాళ్ల సంకోచం గౌరవంలోంచి పుట్టినదే. అయితే బొమ్మ అనగానే పిల్లల వ్యవహారమనుకోవడం మనకు ఈమధ్య వచ్చిన అలవాటు. తోలుబొమ్మలాటలో తెర వెనుక గొంతు రామాయణం నడిపిస్తుంటే, ఆ గొంతుకు లోబడి బొమ్మ ఆడేది, ఊరంతా తెల్లవార్లూ కూర్చుని చూసేది. మీ అబ్బాయి చేయబోయే పనిలోనూ ఆ వరుస తప్పకూడదు: గొంతు ముందు, బొమ్మ దాని వెనుక.

ఈ పద్ధతికి మంచి ఉదాహరణలున్నాయి. 1969లో కెనడాలోని టొరంటోలో జెర్రీ లెవిటన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు బీటిల్స్ సంగీత బృందపు గాయకుడు జాన్ లెనన్ బస చేసిన హోటల్ గదిలోకి ఎలాగో చొరబడి ఆయనతో మాట్లాడి రికార్డు చేశాడు. ఆ టేపు ఆధారంగా 2007లో ‘ఐ మెట్ ది వాల్రస్’ అనే అయిదు నిమిషాల యానిమేషన్ చిత్రం వచ్చి ఆస్కార్ నామినేషన్ పొందింది. అమెరికాలో డేవిడ్ గెర్లాక్ ప్రారంభించిన ‘బ్లాంక్ ఆన్ బ్లాంక్’ అనే యానిమేషన్ చిత్రాల వరుస కూడా పాత్రికేయుల దగ్గర పడి ఉన్న పాత ఇంటర్వ్యూ టేపులను వెలికితీసి బొమ్మలు కట్టింది. కెమెరా లేని గదిలో మనిషి కాస్త నిదానంగా, మనసు విప్పి మాట్లాడతాడు. ఆ చనువే ఈ చిత్రాలకు ప్రాణమని నా అభిప్రాయం.

నాకు భయమంతా కత్తిరింపు దగ్గరే. నలభై నిమిషాల్లోంచి అయిదు తీస్తున్నారంటే ముప్పై అయిదు నిమిషాలు వదులుతున్నారన్నమాట. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును మరో ప్రశ్నకు అతికించవద్దు. ఆయన ఆగి ఆలోచించిన చోట ఆ మౌనాన్ని కుదించవద్దు, ఎందుకంటే తరువాత వచ్చే మాట బరువు ఆ మౌనంలోనే ఉంటుంది. ఆయన "గురువుగారు" అన్నప్పుడల్లా ఒక గురువు బొమ్మ వేయనక్కరలేదు. చెవికి అందినదాన్నే కంటికి మళ్లీ చెప్పడం వల్ల రెండూ పలచబడతాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా, అయిదు నిమిషాలకు 3,600 బొమ్మలు కావాలి. కాబట్టి కదలిక అవసరం లేని చోట నిశ్చల చిత్రాన్ని నిలిపితే శ్రమ తగ్గుతుంది, వినేవారి దృష్టీ మాట మీదే ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు క్యాసెట్టును చూసుకోండి. మన సముద్రపు గాలి తేమకు టేపు మీద బూజు పట్టే అవకాశం ఉంది కనుక, నేరుగా పాత ప్లేయరులో పెట్టక తెలిసినవారిచేత శుభ్రం చేయించి, మొత్తం నలభై నిమిషాలనూ నాణ్యత తగ్గేలా కుదించని డిజిటల్ ఫైలుగా భద్రపరచండి. భాగవతారుగారి కుటుంబం అనుమతి తీసుకోండి. పూర్తయిన చిత్రాన్ని బయట పెట్టేముందు వారికి చూపించండి. వారు ఒక మాట తీసెయ్యమంటే తీసెయ్యండి. వీలైతే చిత్రంతోపాటు పూర్తి సంభాషణనూ అందుబాటులో ఉంచండి.

ఇక ఓడ కూత. దయచేసి తీయవద్దు. ఆ సంభాషణ విశాఖలో, మీ ఇంట్లో జరిగిందని చెప్పే సాక్ష్యం టేపులో అదొక్కటే కావచ్చు. అది మోగినప్పుడు ఆయన మాట ఆపి ఉంటే, బొమ్మలోని మనిషిని కూడా ఆ కూత ముగిసేదాకా ఆగనివ్వండి.