తెరచాప పడవలో కాపురం: కరీబియన్ దీవుల మీద పాఠకుల ప్రశ్నలు

ఒకటి రెండేళ్లు తెరచాప పడవలోనే ఉంటూ, గ్రెనడా నుంచి ఉత్తరానికి దీవి తర్వాత దీవి చూసుకుంటూ పోవాలనుకునే దంపతుల ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. లెక్కలన్నీ 40 అడుగుల, అంటే 12 మీటర్ల పడవకు చెప్పినవి.

ప్రశ్న: మా ఆయనకు తెరచాపల మీదే ధ్యాస. నాకైతే రాత్రి నిద్రలో పడవ కొట్టుకుపోయి రాళ్లకు తగిలితే ఎట్లా అన్నదే దిగులు. లంగరు నిజంగా నిలబడుతుందా? – ఒక గృహిణి, కడప

దిగులు పడాల్సింది దాని గురించేనమ్మా. దీవికీ దీవికీ మధ్య ప్రయాణం ఒక పూట. ఆ తర్వాత వారమో పది రోజులో లంగరు మీదే కాపురం. తెరచాప కట్టడం ఒక నెలలో వస్తుంది. లంగరు పనిని మాత్రం మొదటి రోజు నుంచే ఇద్దరూ నేర్చుకోవాలి.

లంగరు తన బరువుతో పడవను ఆపదు. నాగలి కర్రు లాగా నేలలోకి దిగబడి ఆపుతుంది. లాగుడు నేలబారుగా ఉన్నంతసేపు కర్రు లోతుకు పోతుంది, మేడి పట్టి పైకి ఎత్తితే ఊడొస్తుంది. గొలుసు పొడవుగా వదిలేది అందుకే. ఈ సైజు పడవకు 10 మిల్లీమీటర్ల గొలుసు కనీసం 60 మీటర్లు ఉండాలి. మీటరు బరువు రెండు కిలోల పైనే. నీటి లోతు 5 మీటర్లు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు మీటరున్నర అనుకుంటే మొత్తం ఆరున్నర. మామూలు గాలికి దానికి అయిదు రెట్లు, అంటే 33 మీటర్లు వదలండి. గాలి 25 నాట్లు (గంటకు దాదాపు 46 కిలోమీటర్లు) దాటే సూచన ఉంటే ఏడు రెట్లు, 45 మీటర్లు. కొత్తవాళ్లు ముక్కు ఎత్తు కలపడం మరిచిపోతారు. ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. లోతు చూపే మీటరును కొన్ని పడవల్లో కీల్ (పడవ అడుగున లోతుగా దిగి ఉండే భాగం) కింది నుంచి కొలిచేలా అమర్చి ఉంటారు. అది 3 చూపిస్తే అసలు లోతు 5 కావచ్చు. మీ మీటరు ఎక్కడి నుంచి కొలుస్తుందో ముందే తెలుసుకోండి.

వేసేటప్పుడు ముక్కును గాలికి ఎదురుగా పెట్టి పడవను పూర్తిగా ఆపండి. లంగరు నేలకు తగిలాక గొలుసంతా కుప్పగా పోయకండి. పడవ వెనక్కి జారేకొద్దీ కొంచెం కొంచెంగా వదలాలి. అనుకున్న పొడవు పోయాక ఇంజన్ రివర్సులో మెల్లగా మొదలుపెట్టి, 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం దాకా పెంచి అర నిమిషం ఉంచండి. ఆ సమయంలో ముక్కు దగ్గర ఉన్నవాళ్లు గొలుసు మీద అరచెయ్యి ఆనించాలి. గరగరమని వణుకు తెలిస్తే లంగరు నేల మీద జారుతున్నట్టు. బిగిసిన తీగలా కదలకుండా ఉంటే పట్టినట్టు. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక ఒక ఇల్లు ఒకే వరసలో ఉన్నట్టు గుర్తు పెట్టుకుని, ఆ వరస తప్పుతుందేమో కూడా చూడండి.

అప్పటికీ పని కాలేదు. కంటికి మాస్కు పెట్టుకుని నీళ్లలోకి దిగి కళ్లారా చూడాలి. ఇసుకలో లంగరు పూర్తిగా పూడిపోయి ఉంటే నిశ్చింత. సముద్రపు గడ్డిలో పడితే కొనకు వేళ్ల ముద్ద చుట్టుకుని ఇక దిగదు. అప్పుడు ఎంత గొలుసు వదిలినా లాభం లేదు, ఎత్తి ఇసుక ఉన్న చోట మళ్లీ వేయాల్సిందే. సెయింట్ విన్సెంట్ దేశంలోని టొబాగో కేస్ దీవుల లాంటి చోట్ల ఆ గడ్డే తాబేళ్ల మేత, కాబట్టి ఎలాగూ దాని మీద వేయకూడదు. పగడపు దిబ్బల మీద అసలే వద్దు.

గొలుసుకు సాగే గుణం లేదు. అల వచ్చినప్పుడల్లా కుదుపంతా లంగరు ఎత్తే యంత్రం మీద పడి దాని పళ్లు అరిగిపోతాయి. అందుకని 8–10 మీటర్ల నైలాన్ తాడును గొలుసుకు కొక్కెంతో తగిలించి, రెండో కొనను ముక్కు దగ్గరి గట్టి గుంజకు కట్టి, బరువంతా తాడు మీదికి వచ్చేదాకా గొలుసు వదులు చేయండి. ఆ రాత్రి తేడా మీకే తెలుస్తుంది. పడవ ఒక వలయం దాటి జరిగితే మోగేలా ఫోన్లో పెట్టుకునే లంగరు అలారానికి కేంద్రం, లంగరు నేలను తాకిన చోటు. పడవ వెనక్కి జరిగాక నొక్కితే వలయం తప్పుతుంది, అలారం ఉత్తుత్తినే మోగుతుంది. దాంతో విసుగొచ్చి దాన్ని ఆపేస్తారు. అసలు ప్రమాదం అక్కడుంది.

ప్రశ్న: బిందె నీళ్ల కోసం ట్యాంకరు ముందు నిలబడిన ఊరు మాది. చుట్టూ ఉప్పునీళ్లు పెట్టుకుని తాగునీళ్లు ఎట్లా? సోలార్ సరిపోతుందా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

మీ వీధిలో క్యాన్లు నింపే ఆర్‌ఓ ప్లాంటు సూత్రమే పడవలోనూ. తేడా ఒత్తిడిలో ఉంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఆ ఉప్పును వదిలి నీటిని మాత్రమే పొర (మెంబ్రేన్) దాటించడానికి 55 బార్ దాకా ఒత్తిడి కావాలి. మన వంటింటి మిషను పనిచేసే ఒత్తిడికి అది పది రెట్ల పైనే. గంటకు 25 లీటర్లు తీసే చిన్న మిషను 12 వోల్టుల మీద 9–10 ఆంపియర్లు తీసుకుంటుంది. జాగ్రత్తగా వాడే ఇద్దరికి రోజుకు 40–50 లీటర్లు చాలు. గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో తోమి, చివర ఒక్కసారి మంచినీళ్లతో కడుగుతారు. నీళ్ల విలువ తెలిసిన సీమవాళ్లకు ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

మిషను పాడయ్యేది మూడు కారణాల వల్ల. మొదటిది క్లోరిన్. ఒడ్డున కుళాయి నుంచి పట్టిన నీళ్లతో మెంబ్రేన్ కడిగితే అది దెబ్బతింటుంది, మధ్యలో కార్బన్ ఫిల్టర్ తప్పనిసరి. రెండోది రేవులో నీటి మీద తేలే డీజిల్. రేవులో మిషను వేయకండి, బయటి నీళ్లలోనే వేయండి. మూడోది వాడకుండా వదిలేయడం. వెచ్చటి నీటిలో సూక్ష్మజీవులు పెరిగి మెంబ్రేన్‌కు జిగురు పడుతుంది. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి. వారాల తరబడి ఆపాలంటే తయారీదారు చెప్పిన రసాయనం నింపి మూసేయాలి.

సోలార్ లెక్క మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మార్టినిక్ రాజధాని ఫోర్ట్ ద ఫ్రాన్స్, మీ అనంతపురం దాదాపు ఒకే అక్షాంశం మీద, 14.6 డిగ్రీల దగ్గర ఉన్నాయి. డిసెంబరు మధ్యాహ్నం రెండు చోట్లా సూర్యుడు ఒకే ఎత్తులో ఉంటాడు. 600 వాట్ల ప్యానెళ్లు, మబ్బులు పోను, రోజుకు 2,400 వాట్‌అవర్ల దాకా ఇస్తాయనుకోండి. ఫ్రిజ్‌కు 600, రెండు గంటలు నీళ్ల మిషనుకు 240, మిగతాది లైట్లకు, పరికరాలకు. సరిపోతుంది. అయితే మాస్టు (తెరచాప కట్టే నిలువు స్తంభం) నీడో బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ దూలం) నీడో ప్యానెల్ మూలన సన్నగా పడినా కరెంటు బాగా పడిపోతుంది. లంగరు వేశాక బూమ్‌ను తాడుతో ఒక పక్కకు లాగి కట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే రాసి ఉన్న సామర్థ్యంలో సగమే మీదనుకోండి.

ప్రశ్న: ఏ నెలల్లో వెళ్లాలి? తుపానుల సంగతేమిటి? – ఒక జంట, ఆదోని

హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా తీవ్రం. ఆ నెలల్లో పడవ ఏ అక్షాంశానికి దక్షిణంగా ఉండాలో బీమా పత్రంలోనే రాసి ఉంటుంది, సంతకం పెట్టే ముందు చదవండి. 12 డిగ్రీల దగ్గరున్న గ్రెనడా చాలని చాలామంది ఆగిపోతారు. కానీ 2004 సెప్టెంబరులో ఐవాన్ హరికేన్ గ్రెనడాను కుదిపేసింది. 2024 జూలై 1న బెరిల్ హరికేన్ గ్రెనడాకే చెందిన కారియాకూ దీవి మీద పడింది, అదీ సీజన్ మొదలైన నెలకే. ఇంకా కిందికి ట్రినిడాడ్‌కు పోవడం, లేదా పడవను ఒడ్డుకెక్కించి నేలలో దిగేసిన కొక్కేలకు పట్టీలతో బిగించడం మేలు.

డిసెంబరు చివర, జనవరిలో తూర్పు గాలులు 25 నాట్లకు తగ్గకుండా రోజుల తరబడి వీస్తాయి. వాటిని అక్కడ క్రిస్మస్ గాలులంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఫిబ్రవరి సగం నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. కొండల చాటున నీళ్లు చెరువులా ఉన్నాయని మొత్తం తెరచాప విప్పి బయలుదేరకండి. దీవి కొన దాటగానే గాలి ఒక్కసారి మీద పడుతుంది. 15 నాట్ల గాలి 21 అయితే తెరచాప మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. కొన ఇంకా ముందుండగానే తెరచాప కుదించుకోండి. అక్కర్లేకపోతే మళ్లీ విప్పడానికి రెండు నిమిషాలు.

సెయింట్ లూసియాలో పడవ అద్దెకు తీసుకుని దక్షిణానికి వెళితే గాలి వెనక పక్క నుంచి వస్తుంది, హాయిగా ఉంటుంది. తిరుగు దారిలో అదే గాలి ముఖాన కొడుతుంది. తిరిగి రావడానికి రెట్టింపు రోజులు పెట్టుకోండి.

ప్రశ్న: మన పాస్‌పోర్టుకు వీసాలు? – ప్రొద్దుటూరు

గ్రెనడా, సెయింట్ విన్సెంట్, డొమినికా, బార్బడోస్‌లకు పర్యాటకులుగా ముందుగా వీసా అక్కర్లేదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ప్రతి దేశానిదీ మళ్లీ చూసుకోండి. మార్టినిక్, గ్వాడలూప్ ఫ్రాన్సువే అయినా షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) పరిధిలో లేవు. మామూలు షెంగెన్ వీసా అక్కడ చెల్లుతుందనుకుని పోతే ఇబ్బంది. ఆ దీవులకు చెల్లే వీసా లేనివాళ్లు సెయింట్ లూసియా నుంచి నేరుగా డొమినికా పోవాలి. దాదాపు 80 నాటికల్ మైళ్లు, గంటకు ఆరు మైళ్ల చొప్పున 13 గంటలు. తెల్లవారుజామున 2 గంటలకు బయలుదేరితే పగటి వెలుగులో చేరతారు.

చేరగానే పసుపు జెండా ఎగరేయండి. కెప్టెన్ ఒక్కరే ఒడ్డుకు దిగి ఇద్దరి పాస్‌పోర్టులు, పడవ కాగితాలు, వెనకటి రేవు ఇచ్చిన అనుమతి చూపించాలి. ఆ చివరి కాగితం లేకుండా ఏ దీవి నుంచీ కదలకండి.

ప్రశ్న: సంగటి, పప్పు లేకుండా మావల్ల కాదు. పడవలో గ్యాస్ పెట్టుకోవచ్చా? – గుంతకల్లు

నిక్షేపంగా వండుకోవచ్చు. రాగిపిండి ఇక్కడి నుంచి నెలకు సరిపడా తీసుకెళ్లి గాలి చొరని డబ్బాల్లో పెట్టుకోండి, తేమకు త్వరగా పురుగు పడుతుంది. కందులు ఆ దీవుల పంటే, పచ్చికాయలుగా ఎక్కువ తింటారు. చామాకు కూడా దొరుకుతుంది. అట్టపెట్టెలు మాత్రం పడవలోకి ఎక్కించకండి, బొద్దింకల గుడ్లు వాటి మడతల్లోనే వస్తాయి. కుక్కర్ అన్నిటికన్నా మంచి గిన్నె. పడవ ఊగినా ఒలకదు, గ్యాసూ ఆదా.

గ్యాస్ గాలికన్నా బరువు. ఇంట్లో లీకైతే తలుపు కింద నుంచి బయటికి పోతుంది. పడవ అడుగుకు తలుపు లేదు, అక్కడే పేరుకుంటుంది, పంపు స్విచ్ నిప్పురవ్వ చాలు. సిలిండరును డెక్ మీద, అడుగున రంధ్రం నేరుగా సముద్రంలోకి తెరుచుకునే పెట్టెలోనే ఉంచాలి. వంట కాగానే సిలిండరు దగ్గరే కట్టేయాలి. గ్యాస్ పసిగట్టే పరికరాన్ని పొయ్యి పైన కాకుండా నేలబారున బిగించండి. నెలకోసారి సబ్బు నురగతో కీళ్లన్నీ చూడండి.

ప్రశ్న: ఇద్దరమే కదా, ఒకరు నీళ్లలో పడితే? – ఒక పాఠకురాలు, కర్నూలు

పడకుండా చూసుకోవడమే అసలు జవాబు. రాత్రిపూట, లేదా ఒకరు నిద్రపోతున్నప్పుడు, పైన ఉన్నవాళ్లు నడుము పట్టీని పడవ పొడవునా కట్టిన తాడుకు తగిలించుకోకుండా కదలకూడదు.

పడితే వెంటనే తేలే వస్తువు విసిరి, జీపీఎస్‌లో చోటు నొక్కి, మనిషి మీద నుంచి చూపు తిప్పకండి. ఇంజన్ వేసే ముందు తాళ్లేవీ నీళ్లలో వేలాడకుండా చూడండి, పడవను నడిపే అడుగు ఫ్యాన్‌కు చుట్టుకుంటే రెండో ప్రమాదం. దగ్గరికి చేరాక పైకి లాగడమే కష్టం. తడిసిన మనిషిని ఒక్కరు చేతులతో ఎత్తలేరు. బూమ్‌కు నాలుగు రెట్ల బలమిచ్చే కప్పీ తాళ్లు ముందే సిద్ధంగా వేలాడదీసి ఉంచుకోండి.

సాధన హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ సెయిలింగ్ క్లబ్బుల్లో చిన్న పడవలతోనే మొదలుపెట్టవచ్చు. పడవ పక్కకు దెబ్బ తగలకుండా వేలాడదీసే, గాలి నింపిన రబ్బరు ఫెండర్‌కు బకెట్ కట్టి నీళ్లలో వేస్తే మనిషిలాగే మెల్లగా కొట్టుకుపోతుంది. మీరొక్కరే దాన్ని తిరిగి పట్టుకోవాలి, మీ ఆయన చేతులు కట్టుకుని కూర్చోవాలి. పదిసార్లలో పదిసార్లూ మీ చేతికి దొరికాక వంతు మార్చుకోండి.