తలుపు దగ్గర మజ్జిగ గ్లాసుతో నాన్న

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. ప్రోగ్రామర్‌ని, వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని. నా భార్యది బ్యాంకు ఉద్యోగం, బాబు ఒకటో తరగతి. ఎనిమిది నెలల కిందట అమ్మ పోయింది. తెనాలిలో ఒంటరిగా ఉన్న నాన్నని తీసుకొచ్చాను. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. నేను పనిలో మునిగి ఉన్నప్పుడే గదిలోకి వచ్చి ఏదో ఒకటి అడుగుతారు. తలుపు మీద ‘డు నాట్ డిస్టర్బ్’ అని కాగితం అంటించాను. ఒకరోజు గట్టిగా అరిచాను కూడా. అప్పట్నుంచి లోపలికి రావడం లేదు. మజ్జిగ గ్లాసు పట్టుకుని, తలుపు ఓరగా తీసి, అక్కడే నిలబడుతున్నారు. అది ఇంకా డిస్టర్బెన్స్. 25 నిమిషాల పని, కాస్త విరామం అంటూ గంట కొట్టే పొమొడోరో యాప్ పెట్టుకున్నా లాభం లేదు. పని వెనకబడి మేనేజర్‌తో మాట పడుతున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ముప్పై వేలు పెట్టి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొననా? బయట ఎక్కడైనా సీటు అద్దెకు తీసుకోనా? లేకపోతే కొన్నాళ్లు నాన్నని గుంటూరులో చెల్లి దగ్గరికి పంపనా?

జవాబు: ముందు హెడ్‌ఫోన్స్ సంగతి తేల్చేద్దాం. ఫ్యాను, ఏసీ, విమానం ఇంజిను లాగా ఆగకుండా ఒకే తీరుగా వచ్చే మోతని అవి బాగా తగ్గిస్తాయి. మనిషి గొంతు, కుక్కర్ విజిల్ దగ్గర అంత పని చేయవు. మాట్లాడకుండా తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని అసలు ఆపలేవు. ఆ ముప్పై వేలు దాచుకోండి. అద్దె సీటు అంటారా, మీరు అక్కడికి వెళ్తే పగలంతా ఖాళీ ఫ్లాటులో ఆయన ఒక్కరే ఉంటారు. తెనాలి నుంచి తెచ్చింది అందుకా? ఇక మూడో ప్రశ్నకి నేను జవాబు చెప్పను. అమ్మ సంవత్సరీకమైనా కాలేదు. అప్పుడే నాన్న చేత పెట్టె సర్దించాలని మీకెలా అనిపించిందో నాకు అర్థం కాలేదు.

మీ కష్టం చిన్నదని అనడం లేదు. ప్రోగ్రాములో బగ్, అంటే తప్పు, వెతికేటప్పుడు ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తోంది, ఏ వేరియబుల్‌లో ఏముంది, ఎక్కడ దారి తప్పింది, అన్నీ ఒకేసారి తలలో పెట్టుకోవాలి. ‘అబ్బాయ్, కరెంటు బిల్లు కట్టావా’ అనే ఒక్క మాటకి ఆ అల్లిక మొత్తం జారిపోతుంది. మళ్లీ మొదటి నుంచి కూడదీసుకోవాలి. పొమొడోరో పనికిరాకపోవడంలోనూ వింత లేదు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి తన చదువు కోసం, టొమాటో ఆకారంలో ఉండే వంటింటి టైమరుతో మొదలుపెట్టిన పద్ధతి అది. 25 నిమిషాలకోసారి గంట మోగితే, అప్పుడే చిక్కుముడి దొరుకుతున్నవాడికి అదీ ఒక అడ్డమే.

అయితే ఈ సంగతి మీరు నాన్నకి ఎప్పుడైనా చెప్పారా? ‘రావద్దు’ అన్నారు. ఎందుకు రావద్దో చెప్పారా? ఆయనకి అర్థం కాదనుకున్నారేమో. మన బస్సుల్లో డ్రైవరు సీటు వెనకాల ఏం రాసి ఉంటుందో గుర్తు చేసుకోండి. ‘బస్సు నడుచునప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు.’ ఆయన ఉద్యోగమంతా ఆ అక్షరాలకి ముందు కూర్చునే చేశారు. ఏకాగ్రత అంటే ఏమిటో మీ మేనేజర్ కంటే, నా కంటే ఆయనకే బాగా తెలుసు. వెనక యాభై మంది నిద్రపోతుంటే రెప్ప వాల్చకుండా రోడ్డు చూసిన మనిషికి మీరు ఇంగ్లీషులో కాగితం అంటించారు.

ఇంకో మాట. పని చేసుకునేటప్పుడు మీ ఫోను ఎక్కడుంటుంది? టీమ్ చాట్‌లో ఎవరో ‘హాయ్’ అని పెట్టి ఊరుకుంటారు, మీరు వెంటనే తెరిచి చూస్తారు. వాట్సాప్ గ్రూపు, క్రికెట్ స్కోరు, ఓటీపీ మెసేజీలు, వీటన్నిటికీ మీ గదిలోకి ఎప్పుడైనా రావచ్చని అనుమతి ఉంది. వాటి మీద మీకు ఎప్పుడైనా కోపం వచ్చిందా? నాన్న ‘అబ్బాయ్’ అంటే మాత్రం వచ్చింది. రోజులో మీ ఏకాగ్రతని ఎక్కువసార్లు తెంచేది ఆయన కాదని నా అనుమానం. వాటి మీద అరవలేక ఆయన మీద అరిచారు.

ఆయన మాటిమాటికీ ఎందుకు వస్తున్నారో కూడా ఆలోచించండి. బస్సు టైము తెలిసిన ప్రయాణికుడు బల్ల మీద నిమ్మళంగా కూర్చుంటాడు. తెలియనివాడే పది నిమిషాలకోసారి లేచి ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి వస్తాడు. మీరు ఎప్పుడు బయటికి వస్తారో నాన్నకి తెలియదు. పగలు ఆ ఇంట్లో ఉండేది మీరిద్దరే. ఇన్నేళ్లూ ఇంటికి రాగానే పలకరించే మనిషి ఉండేది, ఇప్పుడు లేదు. కరెంటు బిల్లు ఒక వంక, అంతే. ఆ గ్లాసు సంగతీ అంతే. పదకొండింటికి మజ్జిగ ఇచ్చే అలవాటు మీ ఇంట్లో ఎవరిదో మీకే తెలియాలి.

అందుకని పనికి టైమింగ్స్ పెట్టుకోండి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఆ నాలుగు గంటలు తలుపు మూసుండాలి, చాట్ నోటిఫికేషన్లు ఆపెయ్యాలి, ‘సర్వర్ పడిపోతే ఫోన్ చేయండి, మిగతావి పదకొండు తర్వాత చూస్తాను’ అని టీమ్‌కి ముందే చెప్పాలి. మీ ఫోను నాన్న దగ్గర పెట్టండి. ఆఫీసు నుంచి కాల్ వస్తేనే తలుపు కొట్టమనండి. కొరియర్ వచ్చినా, గ్యాస్ బండ వచ్చినా ఆయనే చూసుకుంటారు. ఇది ఆయన్ని బిజీగా ఉంచే ఉపాయం అనుకోకండి. నిజంగానే మీకు ఆ సాయం కావాలి, నిజంగానే ఆయన చేయగలరు. మీటింగులన్నీ ఈ గంటల బయటికి జరపండి. అలా జరపడం కుదరనివి వారానికి ఒకటో రెండో ఉంటాయి, పర్వాలేదు.

పదకొండు కాగానే మీరే బయటికి రావాలి. పనిలో మునిగి మరిచిపోయాననే మాట ఉండకూడదు. బస్సు ఒకసారి లేటయితే సరే, రోజూ లేటయితే ప్రయాణికుడు మళ్లీ కిటికీ దగ్గరికే వస్తాడు. ఒక పావుగంట ఫోను ముట్టుకోకుండా ఆయన పక్కన కూర్చోండి.

తండ్రికి కొడుకు క్షమాపణ చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేదు. చెప్పి తీరాలన్నది నా గట్టి నమ్మకం. పెద్ద మాటలు అక్కర్లేదు. ‘నాన్నా, ఆ రోజు అరవకుండా ఉండాల్సింది, తప్పయింది’ అంటే చాలు. ఆయన ‘పోనీలేరా’ అని మాట మార్చేస్తారు. మార్చనివ్వండి.

తర్వాత ఆ ఇంగ్లీషు కాగితం చింపెయ్యండి. ఒక తెల్ల కాగితం, స్కెచ్ పెన్ ఆయనకిచ్చి, మీ డ్యూటీ టైములు తెలుగులో ఆయన చేతే రాయించి తలుపుకి అంటించండి. పొద్దున తొమ్మిదింటికి ఆ తలుపు ఆయన్నే వేయమనండి.