గృహహింస కేసుల్లో అబొరిజినల్ తల్లులు పోలీసులకు ఎందుకు చెప్పరు? కేస్ నోట్ ఎలా రాయాలి?

మెల్‌బోర్న్‌లో సోషల్ వర్క్ ప్లేస్‌మెంట్‌లో ఉన్నానని చెప్పి మీరు అడిగినవి రెండు: దెబ్బలు తింటూ కూడా ఈ అబొరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) తల్లులు పోలీసులకు ఫోన్ ఎందుకు చేయరు, నోట్స్‌లో ఏం రాయాలి.

వాళ్ల భయం కొట్టేవాడి గురించి మాత్రమే కాదు (అతను అబొరిజినలే అయివుంటాడని కూడా అనుకోకండి). పోలీసుల వెనకే చైల్డ్ ప్రొటెక్షన్ (పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం) వస్తుంది, పిల్లల్ని తీసుకుపోతారు అన్నదే పెద్ద భయం. ప్రభుత్వాలు, క్రైస్తవ మిషన్లు తరాల తరబడి చేసిన పనే అది. 1997 జాతీయ విచారణ నివేదిక దాన్ని నమోదు చేసింది, 2008లో ప్రధాని కెవిన్ రడ్ క్షమాపణ కూడా చెప్పాడు. అయినా ఈ రోజుకీ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో పదింట నాలుగు వంతులకు పైగా అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపాల పిల్లలే. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో బిడ్డ పుట్టకముందే చైల్డ్ ప్రొటెక్షన్‌కు రిపోర్టు ఇవ్వొచ్చు. అందుకే కొందరు గర్భిణులు చెకప్‌లకే రారు. దాన్ని నిర్లక్ష్యం అని రాసేస్తే కథ అక్కడే తలకిందులవుతుంది.

ఆమె నోరు విప్పకముందే మీరు వేటిని రిపోర్టు చేయాల్సి వస్తుందో చెప్పేయండి. తర్వాత చెబితే ఇక మీ దగ్గరికి రాదు. పార్ట్‌నర్ ముందు అడగకండి, బంధువుల చేత అనువాదం చేయించకండి. మీ దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరినీ మీరు అబొరిజినలా అని అడగాలి, ఒంటి రంగు చూసి నిర్ణయించుకోకూడదు.

అసలు తేడా నోట్‌లో వస్తుంది. "తల్లి పిల్లల్ని కాపాడలేకపోయింది" అనేది చాలా ఫైళ్లలో కనిపించే వాక్యం, చాలా చెడ్డ వాక్యం కూడా. హింస చేసిన మనిషి అందులో ఎక్కడా లేడు. ఇలా రాయండి: "అతను తలుపు పగలగొట్టాడు, ఆమె ఫోన్ లాక్కున్నాడు. ఆమె పిల్లల్ని వెనక గదిలోకి పంపి, అరుపులు వినపడకుండా టీవీ సౌండ్ పెంచింది, పొద్దున స్కూలుకి పంపింది." అతను ఏం చేశాడు, దానివల్ల పిల్లలకేమైంది, ఆమె వాళ్లను ఎలా కాచుకుంది: మూడూ ఉండాలి. ఆమె కోపంగా అరిచినా, తాగి ఉన్నా, తిరిగి కొట్టినా, ఎవరికి ఎవరంటే భయమో తప్పక రాయండి. అది లేకపోతే ఇంటర్వెన్షన్ ఆర్డర్ (హింస చేసేవాళ్లను అడ్డుకునే కోర్టు ఉత్తర్వు) ఆమె మీదే పడొచ్చు. ఇది అరుదేమీ కాదు.

పిల్లల్ని పెంచేది తల్లి ఒక్కతే అనుకోకండి. చాలా అబొరిజినల్ కుటుంబాల్లో మన పెద్దమ్మ, పిన్నిలాగే తల్లి అక్కచెల్లెళ్లూ తల్లులే, అమ్మమ్మలు సరేసరి. పిల్లల్ని వేరే చోట ఉంచాల్సి వస్తే ముందు బంధువుల్ని చూడాలని అబొరిజినల్ పిల్లల కోసం ఉన్న ప్లేస్‌మెంట్ ప్రిన్సిపల్ అనే నియమం చెబుతుంది. కానీ రాత్రిపూట హడావిడిలో "బంధువులెవరూ దొరకలేదు" అని రాసేస్తుంటారు. మొదటి వారంలోనే ఆమెను అడిగి నమ్మకమైన వాళ్ల పేర్లు వరసగా రాసుకోండి. వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్‌కి (పిల్లల్ని చూసుకునేవాళ్ల నేపథ్య తనిఖీకి) వాళ్ల చేత అప్పుడే దరఖాస్తు చేయించండి.

లాయర్ కోసం విక్టోరియాలో జీరా (Djirra) ఉంది, అది అబొరిజినల్ సంస్థే. చైల్డ్ ప్రొటెక్షన్‌తో మొదటి మీటింగ్‌కి ముందే ఆమెను అక్కడికి కలపండి, సంతకాలు పెట్టాక కాదు. మాట్లాడేవాళ్లు కావాలంటే అబొరిజినల్ ఫోన్ లైన్ 13యార్న్ (13 92 76), హింస విషయంలో 1800రెస్పెక్ట్ ఫోన్ లైన్ (1800 737 732). ఇల్లు వదిలే ఖర్చుకు ప్రభుత్వ లీవింగ్ వయొలెన్స్ ప్రోగ్రామ్‌లో 5,000 డాలర్ల దాకా వస్తుంది, నగదుగా ఇచ్చేది మాత్రం 1,500కి మించదు.

మీ నోట్స్‌ను కోర్టు తెప్పించుకుంటే అతని లాయరూ చదవొచ్చు. కాబట్టి ఆమె కొత్త చిరునామా, పిల్లల కొత్త స్కూలు పేరు నోట్‌లో రాయకండి.