హైకోర్టుకు పోతే తేలుతుందా? మా నాయిన స్థలం కేసు చూసినాక నాకు తోచింది

ప్రశ్న ఇదీ: "మాది చిత్తూరు. పక్కింటోళ్ళు ప్లాన్ లేకుండా మా గోడ మీదికి వచ్చేట్టు పై అంతస్తు కడుతున్నారు. మున్సిపాలిటీలో చెప్పినా పట్టించుకోవట్లేదు. నేరుగా హైకోర్టుకు పోతే తేలుతుందా? ఇలాంటి మామూలు గొడవలు అక్కడ ఎలా తేలుస్తారు?"

మీరు అడిగింది గోడ గురించి, నేను చెప్పబోయేది స్థలం గురించి. కొంచెం ఓపిగ్గా చదవండి, చివర్లో మీ గోడ దగ్గరికి వస్తా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మనలాంటోళ్ళ విషయంలో హైకోర్టు చేసే పని చాలావరకు ఒకటే: కదలని ఫైలుకు గడువు పెడుతుంది. ఎవరిది న్యాయం అనేది మళ్ళీ మన ఊరి ఆఫీసులోనే తేలాల. లాయర్లు దీనికి ఒప్పుకోరు, పెద్ద పెద్ద తీర్పులు చూపిస్తారు. పేపర్లో పడేవి అవే, కాదనను. ఒక పూట కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోండి, మీకే తెలుస్తుంది. పింఛను ఆపేసినారు, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చెయ్యలేదు, కాంట్రాక్టు బిల్లు ఇవ్వలేదు, లైసెన్సు రెన్యువల్ చెయ్యలేదు... లిస్టు నిండా ఇవే. ఉద్యోగుల ట్రిబ్యునల్ ఎత్తేసినాక ఇంక్రిమెంట్లు, సీనియారిటీ గొడవలు కూడా అక్కడికే చేరినాయి.

ఇక మా సంగతి. మాది పాకాల పక్క పల్లె. నేనుండేది తిరుపతిలో. ఊరి బయట నాయినకు కొంచెం స్థలం ఉంటే చెల్లెలికి గిఫ్ట్ డీడ్ రాసిద్దామన్నాడు. డాక్యుమెంట్ రైటర్ తావ అంతా రాయించి, సాక్షులను వెంటబెట్టుకోని రిజిస్ట్రారాఫీసుకు పోయినాం. (ఏ ఆఫీసో చెప్పను, అడగొద్దండి.) అక్కడి సబ్‌రిజిస్ట్రారు కంప్యూటర్లో సర్వే నంబరు కొట్టి, మానిటర్ మా వైపు తిప్పినాడు. "22ఏలో ఉండాది పెద్దాయనా, పొండి" అన్నాడు.

22ఏ అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా. 2007 సవరణతో మన రాష్ట్రంలో గట్టిగా అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి, దేవాదాయం, వక్ఫ్, సీలింగ్ మిగులు (పరిమితికి మించి ఉందని ప్రభుత్వం తీసుకున్న భూమి), ఇవన్నీ అందులోకి వస్తాయి. ఉద్దేశం మంచిదే. తిరుపతి చుట్టూ దేవుడి మాన్యాలు, మఠం భూములు ఎంత ఉన్నాయో అందరికీ తెలుసు, అవి చేతులు మారకుండా ఆపాల్సిందే. అయితే ఒక సర్వే నంబరులో ఓ మూల వంక పోరంబోకు (వాగు కింది ప్రభుత్వ భూమి) ఉందని నంబరు మొత్తం జాబితాకు ఎక్కించేస్తే, పక్క సబ్‌డివిజన్‌లో పట్టా ఉన్నోడి గతేంది? మా కథ అదే. అడంగల్, వన్‌బీ లాంటి రెవెన్యూ రికార్డులు, పాత దస్తావేజులు, ఈసీ (పాత లావాదేవీల సర్టిఫికెట్) అన్నీ ఉన్నాయి. ఆ మానిటర్ మీది ఒక్క గీత ముందు ఏదీ నిలబడలా.

"అదేదో రాసివ్వండి సార్" అన్నా. రిజిస్ట్రేషన్ చెయ్యనంటే కారణం రికార్డు చెయ్యాల, అడిగితే కాపీ ఉచితంగా ఇవ్వాల, చట్టంలో 71వ సెక్షన్ ఇదే చెప్తుంది. ఆయన నవ్వి, "రాసిచ్చేదేముందబ్బా, సిస్టమే తీసుకోదు" అన్నాడు. ఈ సిస్టమ్ అనేవాడెవడో దొరికితే వాణ్నే ప్రతివాదిగా పెట్టాలని ఉండె.

తర్వాత సోమవారం గ్రీవెన్సులో కలెక్టరుకు అర్జీ పెట్టినాం. మా పని ముందుకు పోయిందంటే ఆ అర్జీ రసీదు వల్లే. చాలామంది చేసే పనేందంటే ఆఫీసుకు పోయి, సార్‌కు నమస్కారం పెట్టి, నోటితో చెప్పి వచ్చేస్తారు. లేకుంటే కాగితం తపాల్లో వేసి వస్తారు, అందినట్టు ముద్ర అడగాలంటే మొహమాటం. ఆరు నెలల తర్వాత హైకోర్టులో లాయరు "రిప్రజెంటేషన్ కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర ఏది?" అంటే తెల్లమొహం. ముద్ర వెయ్యకుంటే పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసినారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి, రసీదు, చేరినట్టు ట్రాకింగ్ కాగితం రెండూ దాచుకోండి. అడిగినా పని చెయ్యలేదని చూపించే కాగితం లేకుంటే మాండమస్ (అధికారి చెయ్యాల్సిన పని చెయ్యమని హైకోర్టిచ్చే ఆదేశం) అడగడానికి పునాదే లేదు.

అర్జీకి వచ్చిన జవాబు "తహసిల్దారు నివేదిక కోరడమైనది". ఆ నివేదిక కోరడమైనదిగానే ఉండిపోయింది. అప్పుడు తిరుపతిలో మాకు తెలిసిన సివిల్ లాయరు విజయవాడలో ఒకాయన నంబరిచ్చి, రిట్ (అధికారుల మీద హైకోర్టులో వేసే పిటిషన్) వెయ్యమన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది. మా తాతల కాలంలో కేసు పైకి పోతే మద్రాసు హైకోర్టుకే, పొద్దున బండెక్కితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. 1954లో గుంటూరు అన్నారు, 1956లో హైదరాబాదు అన్నారు, 2019 జనవరి 1 నుంచి అమరావతి. మేము కదల్లేదు, కోర్టే ఊళ్ళు తిరుగుతా ఉంది. రాయలసీమకు రాజధానో హైకోర్టో ఏది కావాలో కోరుకోమని 1937 శ్రీబాగ్ ఒప్పందంలోనే రాసుకున్నారు. కర్నూలులో బెంచి పెట్టాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. అదైనా తిరుపతోడికి కూతవేటేమీ కాదు, కుప్పం వాళ్ళ సంగతి అడగనే వద్దు. వీడియోలో వాదనలు వచ్చినాక లాయర్లకు సుఖం, కక్షిదారుకు మాత్రం కళ్ళతో చూస్తేగాని నమ్మకం కుదరదు.

మా నాయినకైతే అస్సలు కుదరలేదు. "నా స్థలం, నేనే చెప్తా" అని బయల్దేరినాడు. రాత్రి రైలెక్కి విజయవాడలో దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కోని, ఇస్త్రీ పంచె మార్చుకోని హైకోర్టుండే నేలపాడుకు వచ్చినాడు. దారి పొడుగునా సర్వే నంబరు, హద్దులు, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నదీ, ఆ నాటి సాక్షుల్లో ఎవరు బతికున్నారో లోలోపల వల్లెవేసుకుంటా ఉన్నాడు. హాల్లో బోర్డు మీద ఎర్ర అంకెలు మారుతుంటాయి. ఒక్కోసారి ఒకదాని తర్వాత ఒకటి టకటక పోతాయి, ఒక్కోసారి ఒకే అంకె గంటసేపు ఉండిపోతుంది. రెవెన్యూ తరఫు జీపీ (ప్రభుత్వ లాయరు) ముందు టేబుల్ మీద ఫైళ్ళు గడ్డం దాకా ఉన్నాయి. వెనక నుంచి ఒక జూనియర్ అమ్మాయి నంబరు విని ఆ కుప్పలోంచి సరైన కట్ట లాగుతా ఉంది, ఒక్కటి కూడా తప్పు లాగలేదు. నాకు ఆ రోజు కనబడిన పెద్ద నైపుణ్యం అదే.

మా నంబరు వచ్చింది. నాయిన లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. మా లాయరు, "పట్టా భూమి, నంబరు మొత్తం నిషేధిత జాబితాలో పెట్టినారు, కలెక్టరుకిచ్చిన అర్జీ పెండింగులో ఉంది" అని మూడు ముక్కల్లో చెప్పినాడు. జడ్జిగారు పేజీలు తిప్పి, ఆ రసీదు ఉన్న పేజీ దగ్గర ఆగినారు. "ఇన్‌స్ట్రక్షన్స్ వచ్చినాయా?" అని, అంటే ఆఫీసు ఏమంటుందని, జీపీని అడిగినారు. "అర్జీ పరిశీలనలో ఉందని చెప్పినారు మైలార్డ్." "అయితే ఎనిమిది వారాల్లో తేల్చమని చెప్తాం." స్టెనో రాసుకున్నాడు. బోర్డు మీద అంకె మారింది. నాయిన ఇంకా నిలబడే ఉన్నాడు.

బయట వరండాలో అడిగినాడు, "అంతేనా? స్థలం మనదేనని చెప్పలేదే?"

ఆర్డరు కాపీ వచ్చినాక చదివి చూపించినా. అర్జీని చట్టప్రకారం పరిశీలించి, పిటిషనరుకు చెప్పుకునే అవకాశమిచ్చి, గడువులోపల కారణాలతో ఉత్తర్వులివ్వాలి, హక్కుల విషయంలో కోర్టు ఏ అభిప్రాయమూ చెప్పడం లేదు. సారాంశం అంతే. రిట్‌లో ఇది మామూలే. సాక్షులను పిలిచి, సరిహద్దు కొలిచి, ఈ దస్తావేజు నిజమా కాదా అని తేల్చే చోటు కాదది. అఫిడవిట్లు, కౌంటరు (అవతలి వాళ్ళ జవాబు), కాగితాలు, వీటి మీదనే నడుస్తుంది. అధికారి చెయ్యాల్సింది చేసినాడా లేదా అనేదే చూస్తారు. 22ఏ జాబితాలు ఎట్లా పంపాల, అభ్యంతరముంటే ఎవరికి చెప్పుకోవాల అని 2015 చివర్లో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ పెద్ద తీర్పే ఇచ్చింది. దాన్ని కింద ఆఫీసుల్లో చదివుంటే మేము రైలెక్కే పనే ఉండదు.

ఆర్డరుకు పని చేయించేది దాని వెనకున్న కోర్టు ధిక్కరణ భయం. కాపీ పంపించి గడువు దాటినా కదలకపోతే, ఏడాది లోపల కంటెంప్ట్ వెయ్యొచ్చు, అందులో ఆఫీసరు పేరు రాస్తారు. రిట్‌లో "జిల్లా కలెక్టర్", "తహసిల్దార్" అని పదవులుంటాయి, కంటెంప్ట్‌లో మనిషి ఉంటాడు. మా లాయరు గడువు దగ్గరపడినప్పుడు ఒక నోటీసు పంపినాడు, అంతే. సర్వేయరు మిషను భుజానేసుకోని మా పల్లెకు తానే వచ్చినాడు. మా ముక్క వేరు, వంక వేరు అని స్కెచ్ వేసినాడు. ఆ రిపోర్టు మీదనే మా సబ్‌డివిజన్‌ను జాబితాలోంచి తీసేసినారు. చెల్లెలి పేరు మీద రిజిస్ట్రేషన్ అయింది. నాయిన ఇప్పటికీ "కోర్టు మనదని చెప్పలా, సర్వేయరు చెప్పినాడు" అంటాడు. ఆయన చెప్పింది కరెక్టే.

డబ్బు గొడవలైతే దారి వేరు. మా బావమరిది మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి అట్టపెట్టెలు సప్లై చేసి బాకీలో ఇరుక్కుని, "నేరుగా హైకోర్టులో వేస్తా" అని ఊగినాడు. చెన్నైలో ఎవరో చెప్పినారంట. మద్రాసు హైకోర్టుకు ఒరిజినల్ సైడ్ (నేరుగా దావాలు వినే విభాగం) ఉంది కాబట్టి ఆ ఊళ్ళో పెద్ద సివిల్ దావాలు అక్కడే వేస్తారు, మన హైకోర్టుకు అది లేదు. వ్యాపార తగాదా 3 లక్షలు, ఆ పైన ఉంటే కమర్షియల్ కోర్టు చట్టం కిందికి వస్తుంది. అర్జెంటుగా స్టే లాంటిది అడగకపోతే ముందు మీడియేషన్‌కు పోవాల్సిందే, లేకుంటే దావానే తీసుకోరు. హైకోర్టు అప్పీలులోనే వస్తుంది. మామూలు సివిల్ కేసులో రెండో అప్పీలుకు పోయినా ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే వింటారు, సాక్ష్యం మళ్ళీ మొదటి నుంచి చూడరు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, దాని మీద అప్పీలూ లేదు. బావమరిది మీడియేషన్‌లోనే సగానికి పైగా రాబట్టుకున్నాడు, మిగిలింది వాయిదాల్లో వస్తా ఉంది.

సరే, మీ గోడ. పక్కింటాయన మీద రిట్ వెయ్యలేరు, మున్సిపల్ కమిషనర్ మీద వెయ్యాల, పక్కింటాయన్ను కూడా అందులో ప్రతివాదిగా చేర్చాల. ప్లాన్ లేని కట్టడం మీద చర్య తీసుకోమని మాత్రమే అడగండి. "గోడ మాది, మా స్థలంలోకి వచ్చినారు" అని అందులో కలిపితే, సివిల్ కోర్టుకు పొమ్మంటారు. ఆ ముక్క నిజంగానే ఉంటే చిత్తూరు కోర్టులో ఇంజంక్షన్ (కట్టకుండా ఆపమనే) దావా వేరే వేసుకోండి. ఇంట్లో ఆడవాళ్ళ పేరు మీద ఆస్తి ఉంటే ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, లీగల్ సర్వీసెస్ వాళ్ళను అడగండి. ప్లాన్ ఉందా లేదా అని ఆర్‌టీఐ కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాల, కానీ స్లాబు పడేలోపు ఆపాలంటే ఆ జవాబు కోసం కూర్చోవద్దు, ఫొటోలు తీసి లాయరుకు ఇచ్చేయండి. ఇంతకూ మున్సిపాలిటీలో మీరు "చెప్పినా" అన్నారు, కాగితం మీద ఇచ్చినారా, ముద్ర వేయించుకున్నారా? అది రాయలేదు మీరు.